రేపల్లె బండెక్కని గాజుపలక

మొన్న మా ఊరి కేబుల్ చానల్ వాళ్లు ఇద్దరు కెమెరా పట్టుకుని ఇంటికొచ్చారు. తెనాలిలో పాత సంగతులు చెప్పగల ముసలివాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోవడంతో వెతుకులాట నా దాకా వచ్చిందన్నమాట. వసారాలో కుర్చీ వేయించి, చొక్కా గుండీకి చిన్న మైకు తగిలించి, "తాతగారూ, టీవీలు లేని రోజుల్లో మన ఊళ్లో వార్తలు ఎట్లా తెలిసేవండీ?" అని అడిగారు.

"టీవీలు లేకపోతేనేం? ఈ చుట్టుపక్కల తెర మీద వార్తలు వేసిన మొదటివాణ్ణి నేనే," అన్నాను.

వాళ్ల కళ్లు పెద్దవయ్యాయి. ఎదుటివాళ్ల కళ్లు పెద్దవైతే నా నోరు ఆగదు. నా వార్తలు పడే వేళకు తెనాలి వీధుల్లో మనిషి కనపడేవాడు కాదన్నాను. పొన్నూరు నుంచి, కొలకలూరు నుంచి నా వార్తల కోసమే జనం బండ్లు కట్టుకుని వచ్చేవారన్నాను. చివరికి, ఊపులో ఉన్నాను కదా, "నేను నీళ్లొస్తాయని రాస్తే కాలువకు నీళ్లొచ్చేవి" అని కూడా అనేశాను.

ఆ మాట దగ్గర నాకు దగ్గు వచ్చింది. మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాను. దగ్గును కోసేసి మిగిలిందంతా మూడు సాయంత్రాలు వేశారు. కింద ఎర్రటి పట్టీ మీద నా గొప్పతనాన్ని అటునుంచి ఇటు పరుగెత్తించారు. పాలవాడు దణ్ణం పెట్టాడు. మందుల షాపాయన కూర్చోమని స్టూలు వేశాడు. ఇదంతా నిజమేనా అని మాత్రం ఒక్కడూ అడగలేదు. మా ఇంటావిడ ఒక్కతే వంటింట్లోంచి, "నలుగురూ చూస్తున్నారని కూడా లేదు ఈయనకి," అంది.

అందుకని ఇది రాస్తున్నాను. కెమెరా ముందు దగ్గు వచ్చిన చోట ఏముందో చెప్పాలి.

అరవైల చివర్లో తెనాలిలో ఒక సినిమా హాల్లో స్లైడ్లు రాసేవాణ్ణి. రాసేవాణ్ణి అన్నాను కదా, మొదటి రెండేళ్లూ తుడిచేవాణ్ణి. అరచేయంత గాజుపలకకు దీపం మసి పట్టించి, దాని మీద సూదితో అక్షరాలు గీస్తే, గీసిన చోట వెలుతురు దూరి తెర మీద తెల్లగా పడేది. వక్కపొడి, బట్టల కొట్టు, గొడుగులు, అన్నీ అట్లా గీసినవే. వారం కాగానే మసి తుడిచి కొత్తది గీయాలి. తుడిచేవాడికి చేతులు నల్లబడితే, గీసేవాడికి కాస్త పేరొచ్చేది. పాతాయన చూపు తగ్గి మానేస్తే సూది నా చేతికొచ్చింది.

వార్తలు వేద్దామన్న ఆలోచన కూడా నాది కాదు. మా మేనేజరు గారిది. పొట్టిగా, తెల్లటి పంచెతో, ఎప్పుడూ చంకలో ఒక నోటుపుస్తకంతో ఉండే మనిషి. ఇంటర్వెల్లో వ్యాపార ప్రకటనలయ్యాక ఒకటి రెండు స్లైడ్లు ఊరి సంగతులు వేయించేవాడు. ఫలానా వీధిలో రేపు కుళాయి రాదు. కిరసనాయిలు దిగింది. సంతలో ఎర్రావు తప్పిపోయింది, దొరికినవారు హాల్లో చెప్పగలరు. ఇట్లాంటివి. నేల తరగతిలో సగంమందికి చదువు రాదు. అందుకని తెర మీద అక్షరాలు పడగానే చదువొచ్చినవాడెవడో గొంతెత్తి పైకి చదివేవాడు. చదవమని ఎవరూ చెప్పలేదు, ఆపమని ఎవరూ అనలేదు. పక్కవాళ్లు సోడా తాగుతూ వినేవాళ్లు.

మేనేజరు గారికి ఒక పట్టు ఉండేది. వార్త తెచ్చినవాణ్ణి నిలబెట్టి, "నువ్వు చూశావా? విన్నావా? విన్నదైతే ఎవరి నోట విన్నావు?" అని అడిగి, నోటుపుస్తకంలో రాసి, సంతకమో వేలిముద్రో పెట్టించుకునేవాడు. ఒకసారి ఎర్రావు పోగొట్టుకున్నాయన చేత కూడా వేలిముద్ర వేయించాడు.

"ఆవు పోయిందయ్యా నాది, పొలం అమ్ముతున్నానా ఏంటి?" అని ఆయన చిరాకుపడ్డాడు.

"తెర మీద పడ్డాక అది నీ మాట కాదు, నా మాట," అన్నాడు మేనేజరు గారు.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. నోటుపుస్తకం బీరువాలోకి వెళ్లింది. కొత్త మేనేజరుగా ఓనరు గారి బావమరిది వచ్చాడు. మంచివాడే. కాకపోతే అదే సమయానికి కాలువ అవతలి హాలువాళ్లు కూడా వార్తల స్లైడ్లు మొదలుపెట్టారు. వాళ్లు రంగు కాగితం అంటించి ఎర్రటి అక్షరాలతో వేసేవాళ్లు. మనది మసి, వాళ్లది రంగు. సోడా బండి దగ్గర జనం, "అవతలోళ్లు నిన్ననే వేశారుగా ఇది," అంటుంటే కొత్త మేనేజరుకు ముద్ద దిగేది కాదు.

"వాళ్లకంటే ఒక్క ఆట ముందు పడాలోయ్ మనది. ఏం చేస్తావో నాకు తెలీదు," అన్నాడు.

నాకు మాత్రం ఏం చేయాలో తెలుసు. నిజం నడిచొచ్చేలోపు దానికి ఎదురెళ్లడం మొదలుపెట్టాను. వర్షం పడొచ్చు అన్నదాన్ని పడును అని గీశాను. మునిసిపాలిటీలో ఇద్దరు వాదులాడుకుంటే తోపులాట అన్నాను. గీస్తున్నప్పుడు సూది ఎంత తేలిగ్గా నడిచేదో చెప్పలేను. అప్పట్లో హాలంతా నా స్లైడు కోసం ఊపిరి బిగబట్టేదని కేబుల్ వాళ్లకు చెప్పాను. నిజానికి ఇంటర్వెల్లో సగం హాలు బయటే ఉండేది. మిగిలిన సగంలో సగం పిల్లల్ని ఊరుకోబెడుతుండేవాళ్లు. అయినా నేలలో ఒక గొంతు నా అక్షరాలు పైకి చదువుతుంటే, మెట్ల మీద నిలబడి వినడానికి నేను రోజూ వెళ్లేవాణ్ణి.

మా ఓనరు గారే రేపల్లెలో, బాపట్లలో కూడా హాళ్లు లీజుకు తీసుకున్నారు. తెనాలిలో ఆడిన పిక్చరు బాక్సు తర్వాత రేపల్లె వెళ్లేది, ఆ తర్వాత బాపట్ల. బాక్సుతోపాటు స్లైడ్లు కూడా వెళ్లేవి. నేను ప్రతి వార్తా రెండు పలకల మీద గీసేవాణ్ణి, ఒకటి ఇక్కడికి, ఒకటి బాక్సులోకి. రేపల్లె ఆపరేటరు నాకంటే పెద్దవాడు. నేనెప్పుడు వెళ్లినా, "రండి ఎడిటర్ గారూ," అనేవాడు. ఎగతాళో గౌరవమో ఇప్పటికీ తెలియదు. నేను గౌరవమే అనుకున్నాను.

ఒక ఏడు ఎండాకాలం చివర. కాలువలు కట్టేసి ఉన్నాయి. నీళ్లెప్పుడు వదులుతారా అని డెల్టా అంతా చూస్తోంది. అవతలి హాలు ఇంకా ఏమీ వేయలేదు. గురువారం పొద్దున టీ కొట్టు దగ్గర కాలువ లాకుల్లో తలుపులు ఎత్తి దించే లస్కరు కనపడ్డాడు.

"ఏంటన్నా, నీళ్లెప్పుడు?" అన్నాను.

"సోమవారం వదుల్దామని అనుకుంటున్నారంటరా. ఆర్డరైతే రాలేదు. ఎవరితో అనమాక."

మేనేజరు గారి నోటుపుస్తకం ఉండుంటే లస్కరు దాంట్లో సంతకం పెట్టేవాడు కాదు. ఆ ముక్క ఆ రోజే నాకు తెలుసు. హాలుకెళ్లి రెండు పలకల మీద గీశాను: సోమవారం కాలువకు నీళ్లు. మధ్యలో అనుమానానికి చోటివ్వలేదు. అంత చిన్న పలక మీద చోటు లేదని సర్దిచెప్పుకున్నాను. చోటు ఉంది. రెండు వైపులా తామరపూలు గీశాను.

ఆ సాయంత్రం నేలలో చదివిన గొంతుకు వెనకనుంచి ఈలలు పడ్డాయి. అవతలి హాలువాళ్లను మొదటిసారి కొట్టాం. శుక్రవారం పొద్దున బాక్సు రేపల్లె బండెక్కింది, లోపల తామరపూల పలకతో సహా.

మధ్యాహ్నానికి లస్కరు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"నీకు బుద్ధుందిరా? ఎవరితో అనొద్దన్నానా? కిందెక్కడో గట్టు పని మిగిలిపోయిందంట. సోమవారం లేదు, ఎప్పుడో కూడా తెలీదు. ముందు దాన్ని తీసెయ్!"

తీసేశాను. తెనాలిలో మ్యాట్నీకే సవరణ పడింది. రేపల్లె సంగతి గుర్తొచ్చి, ఇంకో పలకకు మసి పట్టించి, సోమవారం నీళ్లు రావు, తేదీ తెలియదు అని గీసి, కాగితంలో చుట్టుకుని సాయంత్రం బండికి స్టేషన్‌కు వెళ్లాను. బండి వెళ్లిపోయింది.

ఇదే మా మేనేజరుకు చెప్పాను, తర్వాత పెళ్లయ్యాక మా ఇంటావిడకు చెప్పాను, కొన్నేళ్లపాటు నాకు నేనూ చెప్పుకున్నాను. బండి వెళ్లిపోలేదు. ప్లాట్‌ఫారం మీదే ఉంది. గార్డు నాకు తెలిసినవాడే, చేయి చాపితే తీసుకుని రేపల్లెలో దింపేసేవాడు. కాగితం విప్పి పలక చూసుకున్నాను. తేదీ తెలియదు అన్న మాట ఆ మసి మీద ఎంత తెల్లగా ఉందంటే, రేపల్లె ఆపరేటరు దాన్ని ప్రొజెక్టరు కార్బన్ వెలుతురుకు ఎత్తిపట్టి నవ్వడం నాకు కనపడింది. రండి ఎడిటర్ గారూ అనడం వినపడింది. అక్కడే పంచె చెంగుతో మసి తుడిచేశాను. తెల్ల పంచె మీద ఆ మరక చాలా రోజులు ఉంది. బండి నా ఎదురుగానే కదిలి వెళ్లింది.

రేపల్లెలో సోమవారం కాలువకు నీళ్లు అన్న స్లైడు శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులూ ఆడింది.

మరుసటి వారం, ఆదివారం పొద్దున్నే, హాలు గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, చెప్పుల్లేవు, భుజం మీద తువ్వాలు, చేతిలో తాటాకు పొట్లం.

"స్లైడ్లు రాసే బాబు మీరేనాండీ?"

"నేనే. ఏంటి బాబాయ్?"

"మాది రేపల్లె అవతలండి. కాలువకి చిట్టచివర. కౌలు చేను. మా ఆడమనిషి పిక్చరు చూద్దామంటే పోయినవారం శనివారం రేపల్లె హాలుకి వచ్చామండి. సోమవారం నీళ్లని మీ తెర మీద పడింది. పక్కనాయన చదివాడండి. ఇంటికెళ్లి విత్తనాలు నానేశాను. మండె కట్టి, మొలకొచ్చాక, గుంటలో ఉన్న కాసిని నీళ్లూ తోడి నారుమడి తడిపి చల్లానండి."

తువ్వాలు కొస ముడి విప్పి చూపించాడు. పిడికెడు మట్టిపెళ్లలు. వాటి మీద తెల్లటి మొలకలు, ఎండి దారప్పోగుల్లా అయిపోయి ఉన్నాయి. ఒకసారి నీళ్లలో వేసిన విత్తనంతో మళ్లీ చేసేదేమీ ఉండదు. నేనూ రైతుల ఊరివాణ్ణే, నాకెవరూ చెప్పక్కర్లేదు.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నీళ్లు రాలేదండి మరి," అన్నాడు. "దార్లో ఎవరో ఆపేసుంటారు, పైవాళ్లు. అది కాదండి నేనొచ్చింది. మళ్లీ ఎప్పుడొస్తాయో మీకు కబురొచ్చే ఉంటుందిగా. కనుక్కుపోదామని బండెక్కానండి."

"కాలువ ఆఫీసులో అడగలేదా బాబాయ్?"

"అడిగితే కసురుకుంటారండి. మీరైతే అడక్కుండానే చెప్తారుగా."

అప్పుడు నా నోట్లోంచి రావలసిన మాట ఒకటే ఉంది. పదకొండు రోజులుగా పలక మీద పట్టని మాట. ఆయన నా ముఖంలోకి ఎట్లా చూస్తున్నాడంటే, తెర వైపు చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"గురువారం," అన్నాను.

"ఖాయమేనాండి? ఇంక ఒక్క మడికే ఉన్నాయండి గింజలు. పాతర ఊడ్చాలి."

"ఖాయం బాబాయ్."

పదకొండు రోజులన్నాను. లెక్కేస్తే పది. దీంట్లో కూడా పెంచాను చూడండి, అలవాటు.

ఆయన ముఖం విప్పారింది. తాటాకు పొట్లం నా చేతిలో పెట్టాడు. ముంజలు. "లేతవండి, పొద్దున్నే దించాను. వేడికి మంచిది, తినండి బాబూ," అని దణ్ణం పెట్టి, పదింటి బండి అందుకోవాలని గబగబా వెళ్లిపోయాడు. నేను గేటు లోపల నీడలో కూర్చుని ముంజలన్నీ తిన్నాను. చాలా బాగున్నాయి.

గురువారం అన్నది నేనే కల్పించాను. ఆ రోజు లస్కరు నాకేమీ చెప్పలేదు. ఎండిన మొలకలు చూపించిన మనిషిని ఉత్త చేతుల్తో పంపడం ఇష్టంలేక అన్నానని అనుకునేవాణ్ణి. అదీ పూర్తి నిజం కాదు. తెలియదంటే ఆయన దృష్టిలో నేను స్లైడ్లు తుడిచేవాణ్ణయిపోతాను.

ఆ గురువారం పోయింది, మరో గురువారమూ పోయింది. ఆ తర్వాత ఎప్పటికో నీళ్లు తెనాలి దాటి కిందికి వెళ్లాయి. చివరి చేలకు చేరేసరికి ఇంకా ఆలస్యం. అప్పటికి ఆయన రెండో మడి కూడా పోయింది. ఎవరిదో మిగిలిపోయిన ముదురు నారు అడిగి తెచ్చి నాటుకున్నాడట. పంట తాలు. చేను గలాయన మరుసటి ఏడు కౌలు ఇంకొకరికి ఇచ్చేశాడు. ఇదంతా రేపల్లె ఆపరేటరు చెప్పాడు, పిచ్చాపాటీగా, బీడీ కాల్చుకుంటూ.

"పాపం, మన స్లైడు చూసే నానేశాడటండీ. ఎవరో తప్పు వార్త ఇచ్చుంటారు మీకు," అన్నాడు.

"అవునండి," అన్నాను.

కాలం మారిపోయింది. డెబ్బైలు సగానికొచ్చేసరికి టీ కొట్టు టీ కొట్టుకీ ట్రాన్సిస్టరు వచ్చింది. కాలువ కబుర్లు రేడియోలో చెప్పేవాళ్లు. స్లైడ్లు ఫొటో పద్ధతిలో పట్నం నుంచి రంగుల్లో తయారై రావడంతో నా సూదికి పని లేకపోయింది. ఊరి వార్తలు ఎవరూ ఆపమనలేదు, వాటంతటవే ఆగిపోయాయి. నేను ప్రొజెక్టరు పని నేర్చుకుని బాపట్ల హాలుకు ఆపరేటరుగా మారాను.

ఒక వేసవి మ్యాట్నీ ఇంటర్వెల్లో సోడా బండి దగ్గర నిలబడి ఉన్నాను. భుజం మీద చెయ్యి పడింది.

"బాబూ, గుర్తుపట్టారాండీ?"

తువ్వాలు కాదు, ఆ కళ్లను గుర్తుపట్టాను. జుట్టు నెరిసిపోయింది. కనుబొమల మీద తవుడు దుమ్ము. ఇక్కడే రైసుమిల్లులో పనికి కుదిరాడట, ఆ రోజు మిల్లుకు సెలవట. పక్కనున్న తోటి పనివాళ్లకు నన్ను చూపించి, "తెనాల్లో తెర మీద వార్తలన్నీ ఈ బాబే రాసేవాడు. నా కోసం రెండుసార్లు కబురు చెప్పాడు. పైవాళ్లు నీళ్లు రానివ్వలేదు గానీ, ఈయన మాట ఈయన చెప్పాడు," అన్నాడు.

వాళ్లలో ఒకడు, "అయితే పెద్దోడేనన్నమాట," అని పక్కకు జరిగి నాకు బల్ల మీద చోటిచ్చాడు.

"ఇప్పుడు వార్తలు వేయట్లేదేంటండి? అన్నీ సబ్బులూ చీరలే వస్తన్నాయి," అన్నాడాయన.

"రేడియో ఉందిగా బాబాయ్."

"ఉందండి. అది ఎవరికి చెప్తందో తెలీదు. ఈ ఏడు నీళ్లెప్పుడొస్తాయండి?"

చేను లేదు, కౌలు లేదు. అయినా అడిగాడు.

"తెలియదు బాబాయ్," అన్నాను. బతుకులో ఆ మాట గీయకుండా, తుడవకుండా చెప్పింది అదే మొదలు.

"మీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తదండి," అని నవ్వాడు. నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడు కూడా తెలియదు బాబాయ్, రెండుసార్లూ తెలియదు, పైవాళ్లెవరూ ఆపలేదు, నేనే అని. అంతలో ఇంటర్వెల్ గంట మోగింది. ఆయన వాళ్లతో కలిసి లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ కనపడలేదు.

కేబుల్ వాళ్లకు ఇది చెప్పి ఉన్నా ఇక్కడితో ఆపేవాణ్ణి. గంట మోగింది, ఏం చేస్తాం అని.

ఆ హాల్లో గంట స్విచ్చి ఆపరేటరు గదిలో ఉండేది. నొక్కాల్సింది నేనే. నోరు తెరిచినమాట నిజం. తెరిచి, "ఇప్పుడే వస్తా బాబాయ్," అని, ఇనుప మెట్లు రెండేసి ఎక్కి పైకెళ్లి, ఇంటర్వెల్ ఇంకా సగం ఉండగానే గంట కొట్టేశాను. కింద సోడాలు సగం తాగినవాళ్లు గోల పెట్టారు.

రీలు మొదలుపెట్టేముందు స్లైడ్లు వేయాలి. వేస్తూ, గోడకున్న కన్నంలోంచి కిందికి చూశాను. నేలలో మూడో వరసలో ఆయన తల ఎత్తి తెర వైపు చూస్తున్నాడు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి ఏదో అంటున్నాడు. వాడు గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు, ఒక్కొక్క స్లైడూ. సబ్బు. చీరలు. గొడుగులు. మళ్లీ సబ్బు. ప్రతిదాని తర్వాతా ఆయన ఇంకొకటి పడుతుందేమోనని చూశాడు. నా దగ్గర ఇంక పలకలు లేవు. రీలు తిప్పేశాను.